కోఠీ మేడలో కంభం సీమ కాగితం

వినుకొండ దాటిన రైలు కురిచేడులో ఆగి, దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు మీదుగా నల్లమల అడవిలోకి దూరుతుంది. గుంటూరు–గుంతకల్లు దారిలో ఈ ముక్క ప్రయాణం కొద్ది గంటల పని. కిటికీలోంచి చూస్తే అంతా ఒకటే నేల: మెట్ట చేలు, కంది, మిరప, రాతి గుట్టలు, ఎండిన వాగులు. పాత దస్త్రాల్లో మాత్రం ఇది మూడు రకాల నేల. వినుకొండ వైపు గుంటూరు సర్కారు. దాన్ని నిజాం 1788లో ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. దర్శి, పొదిలి వైపు వెంకటగిరి జమీందారీ. ఆర్కాటు నవాబు ఏలుబడిలోని నెల్లూరు సీమతో పాటు 1801లో కంపెనీ కిందికి పోయింది. మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు దత్త మండలాలు. 1800 అక్టోబరు 12న కుదిరిన ఒప్పందంతో నిజాం వదులుకున్న సీమ. ఈ మూడూ దగ్గరపడే మూలన కురిచేడు ఉంది.

ఆ మూడో కాగితాన్ని కంపెనీ తరఫున నడిపించినవాడు హైదరాబాదులో బ్రిటిష్ రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అఖిలీస్ కిర్క్‌పాట్రిక్. అతను తలపెట్టిన రెసిడెన్సీ మేడ ఇప్పటికీ కోఠీలో నిలిచి ఉంది. శిథిలమైపోతుందనుకున్న దశలో మరమ్మతులు జరిగి, గైడు వెంట తిరిగి చూసే చోటుగా మారింది. కంభం, మార్కాపురం వైపు నుంచి చదువుకో, ఉద్యోగానికో హైదరాబాదు చేరినవాళ్ళలో చాలామంది కోఠీ బస్టాండుకు వస్తూ పోతూ దాని ప్రహరీ పక్కనే నడిచి ఉంటారు. తమ తాతల నాటి పొలాల శిస్తు ఎవరికి చెల్లాలో తేల్చిన మనిషి ఇల్లు అదేనని ఆ గోడ మీద ఎక్కడా రాసి ఉండదు.

లోపలికి వెళ్ళగానే కళ్ళు ముందు స్తంభాల మీదికి పోతాయి. ఉత్తరం వైపు ముఖద్వారానికి 21 మెట్లు, ఇరువైపులా రెండు సింహాలు, పైన ఆరు కొరింథియన్ స్తంభాలు. ఒక్కో స్తంభం దాదాపు 40 అడుగుల ఎత్తు. వాటి నెత్తిన ఉన్న త్రికోణంలో కంపెనీ రాజచిహ్నం. అమెరికా అధ్యక్షుడి వైట్‌హౌస్‌ను తలపిస్తుందని చూసినవాళ్ళంతా అనే మాట. అందులో వింతేమీ లేదు. వైట్‌హౌస్‌కు 1792లో పునాది వేశారు. కలకత్తాలో గవర్నర్ జనరల్ వెల్లస్లీ కట్టించిన గవర్నమెంట్ హౌస్ 1803లో పూర్తయింది. ఈ మేడ పని కూడా ఆ 1803లోనే మొదలైంది. పల్లాడియో అనే ఇటలీ వాస్తుశిల్పి పేరున యూరప్‌లో నడిచిన పద్ధతి అప్పట్లో అధికారానికి వేసే దుస్తుల్లాంటిది. నకాసీ పూలు, కమానులు, జాలీలు చూసి పెరిగిన హైదరాబాదు కళ్ళకు మాత్రం అది పూర్తిగా పరాయి రూపం. మూసీకి అవతల, నగరం గోడకు బయట, అలాంటి ఇల్లు లేవడమే ఒక ప్రకటన.

మెట్లెక్కి లోపలికి వెళితే దర్బారు హాలు. రెండంతస్తుల ఎత్తున పైకప్పు, చుట్టూ పైనుంచి కిందికి చూసేందుకు వసారా, వెనక రెండుగా చీలి పైకెక్కే మెట్లు, అండాకారపు గదులు. సాధారణంగా సందర్శకులు ఇక్కడ నిలబడ్డాకే అసలు కథ మొదలవుతుంది. ఆ కథ ఎప్పుడూ ప్రేమతోనే మొదలవుతుంది: తెల్లదొర, ముసల్మాను కులీన స్త్రీ, పెళ్ళి, వియోగం. విలియం డాల్రింపుల్ 2002లో రాసిన ‘వైట్ మొఘల్స్’ పుస్తకంతో అది ప్రపంచమంతా తెలిసింది. నిజమైన కథే, జాలిగొలిపే కథే. కానీ ఆ కథ నడుస్తున్న ఏళ్ళలోనే ఆ దొర బల్ల మీద ఇంకో పని సాగుతూ ఉంది.

కిర్క్‌పాట్రిక్ 1764లో మద్రాసులో పుట్టాడు. అన్న విలియం హైదరాబాదు రెసిడెంటుగా ఉండి జబ్బుపడితే, 1798లో తమ్ముడు ఆ స్థానంలోకి వచ్చాడు. అప్పటికి నిజాం అలీఖాన్ కొలువులో ఫ్రెంచి అధికారుల కింద 14 వేల దాకా సైనికులున్నారు. వాళ్ళను పెంచి పోషించిన రేమండ్ ఆ ఏడాది మార్చిలో చనిపోయాడు. సెప్టెంబరు 1న నిజాం కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. కంపెనీ ఆరు పటాలాలను హైదరాబాదులో ఉంచుతుంది, ఖర్చు నిజాం భరిస్తాడు. ఏటా 24 లక్షల 17 వేల 100 రూపాయలు. అక్టోబరు 22న ఫ్రెంచి దళాన్ని చుట్టుముట్టి రక్తం చిందకుండా ఆయుధాలు దింపించారు. మరుసటి ఏడాది మే 4న శ్రీరంగపట్టణం కోట కూలింది. టిప్పు సుల్తాను రాజ్యంలో నిజాంకూ వాటా దక్కింది. అంతకు ముందు 1792లోనే టిప్పు నుంచి కడప, గండికోట, కంభం సీమలు నిజాం చేతికి వచ్చి ఉన్నాయి.

ఆ సంతోషం ఎన్నాళ్ళో నిలవలేదు. సైన్యానికి ఏటేటా నగదు చెల్లించే కన్నా నేలనే శాశ్వతంగా ఇచ్చేస్తే బాకీల తగాదా ఉండదన్నది కంపెనీ వాదన. 1800 ఒప్పందంలో నిజాం 1792లోనూ 1799లోనూ సంపాదించిన భూములన్నీ వదులుకున్నాడు. తుంగభద్ర, కృష్ణ నదులే సరిహద్దు కావాలని కొన్ని చోట్లను మార్పిడి కూడా చేసుకున్నారు. బదులుగా మరో రెండు పటాలాల కాల్బలం, ఒక గుర్రపు దళం అదనంగా వచ్చాయి. మొత్తం ఎనిమిది పటాలాలు, రెండు గుర్రపు దళాలు. బళ్ళారి, అనంతపురం, కడప, వాటితో పాటు కంభం, మార్కాపురం, గిద్దలూరు చేతులు మారాయి. ఎనిమిదేళ్ళ కింద యుద్ధం చేసి గెలుచుకున్న సీమ, యుద్ధం లేకుండా పోయింది.

దాని ఫలితం గుండ్లకమ్మ ఒడ్డుకు చేరడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1800లోనే థామస్ మన్రో దత్త మండలాల ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. అతని కింద నలుగురు ఉపకలెక్టర్లు. అతను వచ్చేనాటికి ఆ సీమలో 80 మంది పాలెగాళ్ళు, వాళ్ళ చేతికింద సుమారు 30 వేల మంది సాయుధులైన బంట్లు ఉన్నట్టు లెక్క. కోటలు, కావలి రుసుములు, సొంత తీర్పులు అన్నీ వాళ్ళవే. మన్రో కొందరికి భరణాలిచ్చి కూర్చోబెట్టాడు, కొందరిని బలంతో అణచాడు. ఆ తర్వాత 33 అడుగుల గొలుసు పట్టుకుని మనుషులు చేలల్లోకి దిగారు. ఆ గొలుసంత పొడవు, అంతే వెడల్పు ఉన్న నేల ఒక గుంట. 40 గుంటలు ఒక ఎకరం. ఈ లెక్క రాయలసీమ పల్లెల్లో చాలాకాలం నడిచింది. చేను కొలిచి, శిస్తు కట్టి, రైతుతో సర్కారు నేరుగా లెక్క చూసుకునే రైత్వారీ పద్ధతికి ఇక్కడే గట్టి రూపం వచ్చింది. పక్కనే దర్శి, పొదిలిలో జమీందారుకు శిస్తు కడుతుంటే, కొన్ని మైళ్ళ అవతల మార్కాపురం రైతు పట్టా పట్టుకుని తాసిల్దారు దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది.

కంభం చెరువు మాత్రం చేతులు మారిన ప్రతిసారీ కొత్త యజమానికి ఆదాయమే. రెండు కొండల మధ్య గుండ్లకమ్మకు కట్టవేసి విజయనగర కాలంలో తవ్వించిన ఈ చెరువును కృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ పేరుతో చెప్పుకుంటారు. రాయలు పోయాడు, నవాబులు పోయారు, హైదరు, టిప్పు వచ్చి వెళ్ళారు; తూము కింద వరి పండుతూనే ఉంది. 2020లో అంతర్జాతీయ సేద్య, మురుగునీటి పారుదల సంఘం దీన్ని ప్రపంచ వారసత్వ సేద్య కట్టడంగా గుర్తించింది.

పాలెగాళ్ళ కథ మన్రోతో ముగిసిపోలేదు. తాతకు దక్కిన భరణంలో తన వంతు ఎగ్గొట్టారన్న కోపంతో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో తిరగబడ్డాడు. కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. వెంటాడి వచ్చిన కంపెనీ సేనలతో గిద్దలూరు దగ్గర తలపడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న అతన్ని కోయిలకుంట్లలో ఉరితీశారు. 1800 నాటి సంతకానికి నల్లమల అంచున పుట్టిన జవాబుల్లో ఇదొకటి.

హైదరాబాదులో మేడ కథ ఇలా ఉండగా, స్థలం దొరకడం మీద ఒక ముచ్చట చెబుతారు. రెసిడెన్సీకి దాదాపు 60 ఎకరాలు కావాలని కిర్క్‌పాట్రిక్ పెద్ద కాగితం మీద పటం గీయించి నిజాం ముందు పరిచాడట. నిజాం తల అడ్డంగా ఊపాడట. సంగతేమిటని ఆరా తీస్తే, దర్బారులో ఒకరు చల్లగా చెప్పారట: హుజూరు తమ రాజ్యం మొత్తాన్ని కూడా అంతకన్నా పెద్ద కాగితం మీద చూడలేదు, ఇదేదో మరో సీమ అడుగుతున్నారనుకున్నారు. అదే పటాన్ని చిన్న అట్టముక్క మీద గీసి తెస్తే వెంటనే ఒప్పుకున్నాడట. గైడు చెప్పగానే నవ్వులు పూస్తాయి. దత్త మండలాల పటాన్ని తలుచుకుంటే ఆ నవ్వు కాస్త సన్నబడుతుంది. పటం చూసి జంకడానికి ఆ ముసలి రాజుకు కారణాలు లేకపోలేదు.

మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన లెఫ్టినెంట్ శామ్యూల్ రస్సెల్ మేడకు రూపమిచ్చాడు. ఖర్చు నిజాం ఖజానాది. నిజాం అలీఖాన్ 1803లో చనిపోగా గద్దెనెక్కిన సికందర్ జా హయాంలో పని సాగింది. అంటే సైన్యం కోసం నేల ఇచ్చిన రాజ్యమే, ఆ సైన్యాన్ని నడిపించే దొర ఇంటికీ డబ్బు పెట్టింది. దొర మాత్రం ఆ ఇంట్లో ఎక్కువ కాలం లేడు. 1805 అక్టోబరు 15న కలకత్తాలో చనిపోయాడు. మేడ పని మరుసటి ఏడాదికి గాని ఒక కొలిక్కి రాలేదు.

ఇక ప్రేమకథ. ఖైరున్నీసా హైదరాబాదు కులీన వంశంలో పుట్టిన పిల్ల, నిజాం కొలువులోని పెద్ద మీర్ ఆలంకు బంధువు. 1800 ప్రాంతంలో కిర్క్‌పాట్రిక్‌తో ఆమెకు పెళ్ళి జరిగింది. అతనికి నిజాం హష్మత్ జంగ్ అని బిరుదిచ్చాడు. హైదరాబాదీ దుస్తులు వేసుకునేవాడు, ఉర్దూ, ఫార్సీ మాట్లాడేవాడు. ఒప్పందం కుదిరిన రోజుల్లోనే ఈ సంబంధం మీద కంపెనీ పెద్దలు విచారణ నడిపారు. పదవి నిలిచింది, పెళ్ళీ నిలిచింది. పరదాలో ఉండే భార్య కోసం మేడ వెనక మొఘలాయీ పద్ధతిలో రంగ్ మహల్ కట్టించాడు. ముందువైపుకు ఆమె రాకూడదు కాబట్టి, మొత్తం మేడను చిన్న నమూనాగా చేయించి జనానా తోటలో పెట్టించాడని చెబుతారు. ఆ నమూనా ఇప్పటికీ ఉంది. గైడు వెంట వచ్చే పిల్లలు ఎక్కువసేపు నిలబడే చోటు అదే.

రంగ్ మహల్ లేదు. 1860లో దాన్ని కూల్చేశారు. మేడలో తెల్ల స్తంభాలు మిగిలి, ఆమె గదులు మాయమయ్యాయి. ఆమె జీవితంలోనూ అంతే జరిగింది. ఇద్దరు పిల్లల్ని, సాహిబ్ ఆలంనూ సాహిబ్ బేగంనూ, 1805లో చదువుల కోసం ఇంగ్లండు పంపేశారు. వెళ్ళేముందు చిత్రకారుడు జార్జ్ చినెరీ వాళ్ళిద్దరినీ నిలబెట్టి గీసిన బొమ్మ ఇప్పుడు ప్రఖ్యాతం. తండ్రి పోయాక తల్లికి హైదరాబాదు తలుపులు మూసుకున్నాయి. కొన్నేళ్ళు ఆమె మచిలీపట్నంలో ప్రవాసం ఉండాల్సి వచ్చింది. తిరిగి వచ్చి 1813లో కన్నుమూసింది, వయసు ముప్పై నిండలేదు. కూతురు అక్కడ కిట్టీ కిర్క్‌పాట్రిక్‌గా పెరిగి రచయిత థామస్ కార్లైల్‌కు పరిచయమైంది. ఎన్నో ఏళ్ళ తర్వాత హైదరాబాదులో ఇంకా బతికే ఉన్న అమ్మమ్మకు ఉత్తరాలు రాసింది. కిట్టీ 1889లో ఇంగ్లండులోనే మరణించింది. తల్లి ముఖం మళ్ళీ చూడనే లేదు.

రెసిడెన్సీ ప్రహరీ బయట లేచిన బజారు ఇంకో కథ. కంపెనీ నీడలో వ్యాపారులు, సాహుకార్లు స్థిరపడ్డారు. 1814లో విలియం పామర్ అక్కడ బ్యాంకు పెట్టి, నిజాం సైన్యం జీతాలకు అధిక వడ్డీల మీద అప్పులిచ్చాడు. 1820లో రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్‌కాఫ్ ఆ లెక్కలు బయటికి లాగాడు. ఆ అప్పు తీర్చడానికి 1823లో నిజాం ఉత్తర సర్కారుల మీద కంపెనీ నుంచి తనకు ఏటా రావలసిన పేష్కష్‌ను ఒక్కసారిగా వదులుకున్నాడు. కంపెనీ ఇచ్చిన మొత్తం కోటీ 16 లక్షల చిల్లర. గుంటూరు సర్కారు, అంటే వినుకొండ వైపు నేల మీద హైదరాబాదుకు మిగిలిన ఆఖరి హక్కు కూడా ఈ విధంగా కోఠీ వడ్డీ లెక్కల్లో కరిగిపోయింది. రెసిడెన్సీ బజార్లు 1933లో నిజాంకు తిరిగి దక్కి సుల్తాన్ బజారు అయ్యాయి.

1857 జులై 17న ఈ ప్రహరీ మీదికే తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ రోహిల్లాలను వెంటబెట్టుకుని దూకారు. రాత్రంతా కాల్పులు. రెసిడెంటు డేవిడ్‌సన్ సేనలు నిలదొక్కుకున్నాయి. తుర్రేబాజ్ ఖాన్ దొరికాడు, తప్పించుకున్నాడు. 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర కాల్చి చంపి, శవాన్ని నగరంలో వేలాడదీశారు. మౌల్వీని అండమాను పంపారు. ఆ దాడి తర్వాతే రెసిడెన్సీ చుట్టూ గోడలు, బురుజులు బలపడ్డాయి. ఇప్పుడు తుర్రేబాజ్ ఖాన్ స్మారక స్తంభం కోఠీ బస్టాండు పక్కనే ఉంది. మేడ చూసి బయటికొచ్చినవాళ్ళు రోడ్డు దాటి దాన్నీ చూస్తే దర్శనం సగం పూర్తయినట్టు.

1947లో చివరి రెసిడెంటు వెళ్ళిపోయాక మేడకు ఆడపిల్లలు వచ్చారు. 1924లో నాంపల్లిలో మొదలైన ఉస్మానియా మహిళా కళాశాల 1949లో ఇక్కడికి మారింది. రాజప్రతినిధుల విందులు జరిగిన గదుల్లో బల్లలు, నల్లబోర్డులు వెలిశాయి. అర్ధ శతాబ్దం పాటు పైకప్పు కారింది, దూలాలకు చెద పట్టింది, పెచ్చులూడాయి. 2002లో ప్రపంచ స్మారకాల నిధి దీన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. అమెరికా రాయబారుల సాంస్కృతిక పరిరక్షణ నిధి సాయం కూడా తోడై, ఏళ్ళ తరబడి పని సాగింది. 2023 నాటికి ప్రధాన భవనం మళ్ళీ నిటారుగా నిలిచింది.

పాత కట్టడాన్ని బాగుచేయడమంటే రంగులు వేయడం కాదని తెలియడానికి అక్కడి గోడను దగ్గరగా చూస్తే చాలు. సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి పోక గోడ పుచ్చిపోతుంది. అందుకే ఇలాంటి చోట్ల సున్నాన్ని రోజుల తరబడి నానబెట్టి, ఇసుకతో గానుగలో రుబ్బి, బెల్లం నీళ్ళు, కరక్కాయ రసం కలిపి పూస్తారు. మార్కాపురం వైపు పాత మిద్దెలు కట్టిన తాపీ పనివాళ్ళకు ఇది కొత్త విద్య కాదు. సిమెంటు వచ్చి వాళ్ళ చేతి నుంచి జారిపోయిన విద్య.

హైదరాబాదులో ఇలా తలుపులు తెరిచిన మేడలు మరికొన్ని ఉన్నాయి. చౌమహల్లా 2005లో ప్రజల కోసం తెరుచుకుని, 2010లో యునెస్కో ఆసియా–పసిఫిక్ పురస్కారం అందుకుంది. ఫలక్‌నుమా అదే ఏడాది హోటలుగా మారింది. బొల్లారంలో ఉన్న రెసిడెంటు గారి రెండో ఇల్లే ఇప్పటి రాష్ట్రపతి నిలయం. 2023 నుంచి ఏడాది పొడవునా చూడొచ్చు. వాటిలో నిజాం వైభవమో, రాష్ట్రపతి హోదానో కథను నడుపుతుంది. కోఠీ మేడకు కథానాయిక ఖైరున్నీసా. ఆమెను తీసేస్తే ఆ మేడకు ఇంతమంది వచ్చేవారు కాదు, బహుశా మరమ్మతులకు డబ్బూ వచ్చేది కాదు. అయితే దర్బారు హాల్లో 1788, 1800, 1801 సరిహద్దులు గీసిన ఒక పటం వేలాడదీస్తే, కంభం నుంచి వచ్చిన బడిపిల్లలు తమ ఊరు ఎక్కడుందో వేలుపెట్టి వెతుక్కుంటారు. కర్నూలు జిల్లాలోనో, నెల్లూరు జిల్లాలోనో, గుంటూరు జిల్లాలోనో ఉన్న తాలూకాలను కలిపి 1970లో ఒంగోలు జిల్లా చేసి, తర్వాత ప్రకాశం అని పేరు పెట్టారని వాళ్ళు పుస్తకంలో చదివే ఉంటారు. ఆ మూడు జిల్లాల అతుకులు మొదట ఎక్కడ పడ్డాయో ఆ పటంలో కనిపిస్తుంది.

ప్రాంగణంలో చదువు ఆగలేదు. కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయమైంది. 2024లో తెలంగాణ ప్రభుత్వం దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టింది. పాలకుర్తిలో కౌలుకు తీసుకున్న నాలుగెకరాల పంట కోసం 1940లలో విసునూరు దేశ్‌ముఖుకు ఎదురు నిలిచిన మనిషి ఆమె. సీమలకు సీమలను కాగితం మీద బదిలీ చేసిన దొర మేడ ఇప్పుడు ఆ నాలుగెకరాల ఆవిడ పేరున్న విశ్వవిద్యాలయంలో ఒక భవనం.